బావ మొహానికి పడినవీ పడనివీ

ఏప్రిల్ 3, సోమవారం

ఈ పుస్తకం డాక్టరమ్మ కొనిపించారు. బావ మొహానికి ఏ రోజు ఏం రాశానో, ఏమైందో తేదీ వేసి రాయమన్నారు. మొదటి పేజీలో ఆవిడే స్కేలు పెట్టి మూడు గళ్లు గీసిచ్చారు: వాడింది, ఫలితం, దురద. ఇంతకు మించి ఒక్క ముక్క రాయక్కర్లేదన్నారు.

నాకు చెప్పుకోడానికి ఎవరూ లేరు. అందుకని మించి రాస్తున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. పగలు కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చుంటాడు. నేను పెయింట్ల షాపులో రంగులు కలుపుతాను. సాయంత్రం ఇద్దరం నాటక సమాజంలో తేలతాం. పంతొమ్మిదేళ్లుగా అక్కడ రాజు వేషం ఆయనది, ఆ మొహానికి రంగు నాది. పగలు గోడలకి, సాయంత్రం మొహాలకి.

పోయిన గురువారం మేకప్‌తో రిహార్సల్ చేస్తే, తుడిచేసరికి బావ బుగ్గలు బూరెల్లా పొంగాయి. మర్నాటికి తోలు ఊడింది. ఇరవై మూడున పోటీ. ఇరవయ్యో తేదీకి ఆ మొహం బాగుపడకపోతే కిరీటం దూతకి పెడతానని మాస్టారు తేల్చేశారు. మాస్టారంటే మా డైరెక్టరు. దూత అంటే మూడో అంకంలో రాజుకి ఉత్తరం తెచ్చిచ్చేవాడు. వాడికి ఆ వేషం మీద ఏ కోశానా ఆశ లేదట. రాజు డైలాగులు మొత్తం కంఠతా వచ్చేసింది మాత్రం ఊరికే వినీ వినీనట.

అక్క నా మొహం మీదే అనేసింది, అంతా నీ రంగు డబ్బా వల్లే వచ్చింది అని. బావ మాత్రం ఏమీ అనలేదు. ఆయనెప్పుడూ ఏమీ అనడు. ముప్ఫై ఏళ్లు జనం కౌంటరు అవతల నిలబడి నానా తిట్లూ తిడుతుంటే కదలకుండా విన్న మొహం అది. నిద్రొచ్చినా కోపమొచ్చినా ఒకటే తీరు. ఏటా జడ్జీలు రాసేది కూడా అదే: గొంతు అద్భుతం, మొహంలో భావం లేదు.

వాడింది: ఏమీ లేదు. ఫలితం: వాపు. దురద: ఉంది.

ఏప్రిల్ 4, మంగళవారం

అక్క నా డబ్బా వీధి అరుగు మీద పెట్టేసింది. పిల్లి వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 5, బుధవారం

ఆర్గానిక్ షాపుకి వెళ్లాను. లోపలంతా ఒకటే ఆకుపచ్చ. అమ్మాయి చాలా మర్యాదగా, స్కిన్ ఏ టైపు సార్, డ్రైయా ఆయిలీయా కాంబినేషనా అని అడిగింది. రాజు అని చెప్పాను.

రంగుల షాపువాణ్ని కదా, నేను మూత కన్నా ముందు లేబుల్ చూస్తాను. ముందు వైపు పెద్ద అక్షరాలతో నో కెమికల్స్ అని ఉంటుంది. వెనక్కి తిప్పితే చీమతలకాయంత అక్షరాల్లో ముప్ఫై పేర్లు. ఇవేంటమ్మా అంటే అవన్నీ మొక్కల పేర్లే సార్, ఇంగ్లీషులో అలా ఉంటాయి అంది. నేచురల్ అన్న మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు సార్, మీరు ముద్ర చూసుకోవాలి అని రహస్యంగా చెప్పింది. ముద్రలు చూశాను. ఒకదాని మీద ఒక ఆకు, ఒకదాని మీద రెండాకులు, ఇంకోదాని మీద కుందేలు. కుందేలుంటే జంతువుల మీద పరీక్షించలేదని అర్థమట. మాకు కుందేలు లేదమ్మా, మా బావ మీదే పరీక్షించాలి అన్నాను. అమ్మాయి నవ్వలేదు.

ఒక క్రీమ్ ధర చూసి, దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా తిరిగి అరలో పెట్టాను. కలబంద గుజ్జు సీసా ఒకటి తీసుకుని బయటపడ్డాను.

ఏప్రిల్ 6, గురువారం

నేచురల్ అయితే ఏమీ చెయ్యదన్న భ్రమలో ఉన్నారా, గన్నేరుకాయ కూడా నేచురలే అన్నారు డాక్టరమ్మ. ఏదైనా సరే ముందు చెవి వెనక రాయాలి. ప్యాచ్ టెస్ట్. రెండు చెవుల వెనకా రెండు రకాలు. ఒక రోజంతా ఆగి, ఎర్రబడకపోతేనే మొహానికి. పోటీకి ముందు ఎన్ని రకాలు పరీక్షించగలమో వేళ్ల మీద లెక్కేసుకున్నాను. వేళ్లు మిగిలిపోయాయి.

వాడింది: కుడి చెవి వెనక కలబంద. ఎడమ చెవి వెనక బీట్‌రూట్ రసం. ఫలితం: రేపు. దురద: లేదంటున్నాడు. ఈయన మాట నమ్మేదెలా? ఉన్నా చెప్పే రకం కాదు.

ఏప్రిల్ 8, శనివారం

కలబంద పడింది. సంతోషం పట్టలేక రిహార్సల్‌లో నుదుటికి దట్టంగా పట్టించాను.

రెండో అంకంలో కిరీటం జారింది. ముందు కనుబొమల దాకా, తర్వాత ముక్కు దాకా వచ్చి ఆగింది. బావ ఆపలేదు. ప్రజలారా అన్న డైలాగు కిరీటం లోపలి నుంచే చెప్పాడు, గొంతు ఖంగుమంది. దూత పరిగెత్తుకొచ్చి, కావాలంటే కాసేపు నేను పట్టుకుంటాను అన్నాడు.

ఫలితం: జారుడు. దురద: మాస్టారికి.

ఏప్రిల్ 10, సోమవారం

బుగ్గలకి ఎరుపు కోసం బీట్‌రూట్ రసం రాశాను. రంగు భలే కుదిరింది. కాస్త ఆరనిమ్మని బావని గ్రీన్ రూమ్‌లో కూర్చోబెట్టి టీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కిటికీ నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి బావ మెడకి, మెడ నుంచి బుగ్గకి చీమల బారు. బావ కదలకుండా కూర్చున్నాడు. చెప్పొచ్చు కదా బావా అని నెత్తి కొట్టుకున్నాను. నువ్వే కదా ఆరేదాకా కదలొద్దన్నావు అన్నాడు.

ఏప్రిల్ 11, మంగళవారం

మీసం అంటించడానికి పాత జిగురు వద్దన్నారు డాక్టరమ్మ, కాబట్టి తుమ్మజిగురు నానబెట్టి అంటించాను. చెవి వెనక పరీక్ష అయింది, పడింది. మీసం కూడా బాగా పట్టింది.

ఏప్రిల్ 12, బుధవారం

మరీ బాగా పట్టింది. ఊడలేదు. వేణ్నీళ్లు, నూనె, అక్క చేతి గోళ్లు, అన్నీ అయ్యాయి. బావ ఆ రాజు మీసంతోనే ఆఫీసుకి వెళ్లాడు.

సాయంత్రం వచ్చి చెప్పాడు, ఇవాళ ఒక్కళ్లూ తిట్టలేదట. ఒక పెద్దాయన లైను కట్ చేసినందుకు అరవడానికని వచ్చి, మీసం చూసి, వీలుంటే చూడండి అయ్యా అని వెళ్లిపోయాడట. ఆ చెప్పడంలో కాస్త దిగులు వినిపించింది. రాత్రి స్నానంలో మీసం దానంతటదే ఊడింది.

ఏప్రిల్ 13, గురువారం

ఇవాళ నా గుండె మీద నుంచి బండ దిగింది.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసి (మొదటి మూడు గళ్లే చూశారు, మిగతాది చెయ్యి అడ్డం పెట్టి దాచాను), ఇవన్నీ సరే, ఆయన సొంతంగా ఏం రాసుకుంటారు అని అడిగారు. బావ నీళ్లు నమిలాడు. అక్కకి అనుమానం వచ్చింది. ఇంటికి వెళ్లి స్నానాలగదిలో పై గూడు వెతికితే పిండిన నిమ్మచెక్కలు ఏడు దొరికాయి.

రెండు నెలలుగా రోజూ పొద్దున్నే మొహానికి నిమ్మరసం రుద్దుకుని, డాబా మీద ఎండలో అరగంట నిలబడుతున్నాడట. దూతని చూసి ఎవరో స్టేజీ మీద భలే నిగనిగలాడుతున్నాడు అన్నారట, అది ఈయన చెవిన పడింది. నిమ్మకాయ కదా, నేచురల్ కదా అన్నాడు. నిమ్మరసం, ఎండ కలిస్తే తోలు కాలుతుందని డాక్టరమ్మ ఫోన్‌లో అరిచారు. అరుపు బయటికి వినిపించింది. బావ యథాప్రకారం విన్నాడు.

నా డబ్బా తప్పు లేదు. పంతొమ్మిదేళ్లుగా నేను కలిపిన రంగు బావని ఏమీ చెయ్యలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. అక్క సారీ చెప్పలేదు. డబ్బా కడిగి, తుడిచి, నా సంచిలో పెట్టింది.

అయితే ఆ పచ్చి చర్మం మీద నెలాఖరు దాకా పాత రంగు తగలకూడదట. మళ్లీ మొదటికొచ్చాను.

ఏప్రిల్ 15, శనివారం

కొన్నవాటితో అయ్యే పని కాదని నేనే కలిపాను. బియ్యప్పిండి, పసుపు, ఎర్రమట్టి, కొబ్బరినూనె, తేనెమైనం. షాపులో గోడ రంగు కలిపినట్టే అట్టముక్క మీద చుక్కలు పెట్టుకుంటూ, బావ ముంజేయి పక్కన పెట్టి చూసుకుంటూ, పదకొండో చుక్కకి కుదిరింది. పసుపు ఒక పాలు ఎక్కువ పడింది కానీ లైట్ల కింద అదే బంగారంలా ఉంటుంది.

వాడింది: పైవన్నీ. ఫలితం: రాజు. దురద: లేదు. అక్క కూడా చూసి, లేదు అంది.

ఏప్రిల్ 17, సోమవారం

మాస్టారు మొహాన్ని లైట్ కింద అటూ ఇటూ తిప్పి చూసి, రంగు బాగుందన్నారు. తర్వాత మూడో అంకం చేయించారు. అందులో రాజుకి ఉత్తరం వస్తుంది. కోట తాళాలు శత్రువుకి అప్పజెప్పింది తన తమ్ముడేనని, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసనీ అందులో ఉంటుంది. రాజు మండిపడాలి. బావ మండిపడ్డాడు. కడుపులో ఏమైనా ఇబ్బందిగా ఉందా అని మాస్టారు అడిగారు.

తర్వాత నన్ను పక్కకి పిలిచి, మొహం బాగయింది కాబట్టి ఈసారికి ఆయనే, ఈసారి కూడా భావం లేదని జడ్జీలు రాశారంటే మాత్రం ఇదే ఆఖరు, వచ్చే ఏడు నుంచి దూతే రాజు అన్నారు. బావకి చెప్పొద్దన్నారు. వెనక్కి తిరిగితే బావ అక్కడే ఉన్నాడు. విన్నాడో లేదో ఆ మొహం చూసి ఎలా చెప్పగలం?

ఏప్రిల్ 19, బుధవారం

విన్నాడు. రెండు రోజులుగా తలుపేసుకుని అద్దం ముందు కోపం ప్రాక్టీస్ చేస్తున్నాడట. సందులోంచి చూసిన అక్క, ఏడుస్తున్నాడేమో అనుకుని కాఫీ కలిపి ఇచ్చింది.

ఏప్రిల్ 22, శనివారం

రేపే.

ఏప్రిల్ 24, సోమవారం, ఉదయం

నిన్న ఏం జరిగిందో వరసగా రాయాలి.

మొదటి రెండు అంకాలూ మామూలే. గొంతు అద్భుతం, మొహం గోడ. విరామంలో నేను దూత తలపాగా సర్దుతూ ఉండిపోయాను, బావ తనకి తానే టచప్ చేసుకున్నాడు. మూడో అంకంలో దూత ఉత్తరం ఇచ్చాడు. బావ చదవడం మొదలుపెట్టాడు. అప్పుడు చూశాను. నుదుటి మీద వెంట్రుకల మొదట్లో ఎర్రగా ఒక గీత. చూస్తుండగానే అది కిందికి దిగింది. కనుబొమలు, కణతలు, ముక్కు, బుగ్గలు, మెడ. నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి బావ మొహం కాలిన ఇటుకలా ఉంది.

పక్క తెర వెనక నుంచి తల బయటికి పెట్టి చూశాను. మళ్లీ పొంగింది, అక్క మొగుణ్ని నా చేతులతో నేనే చంపేశాను అనుకున్నాను. తెర దించమని మాస్టారి చెయ్యి పట్టుకుంటే ఆయన విదిలించుకున్నారు. బావ గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది, ఆ మొహం మాత్రం అలా మండిపోతోంది. దూత రెండడుగులు వెనక్కి వేసి, తన డైలాగు మర్చిపోయాడు. తర్వాత చప్పట్లు, అలాంటి చప్పట్లు మా సమాజం ఎప్పుడూ ఎరగదు.

పెద్ద జడ్జిగారు స్టేజీ ఎక్కి, గొంతు వణకకుండా లోపలి నిప్పు మొహంలోకి ఇలా తెచ్చుకునే నటుణ్ని నా జన్మలో చూడలేదు అన్నారు. ఉత్తమ నటుడి కప్పు బావకి.

గ్రీన్ రూమ్‌లో నూనె పెట్టి తుడిచాను. అడుగున చర్మం శుభ్రంగా ఉంది, ఒక్క దద్దురు లేదు. ఎరుపంతా తువ్వాలుకి వచ్చేసింది. బావ సంచిలో ఒక ఆకుపచ్చ డబ్బా కనపడింది. చెమట పొడి, ఆర్గానిక్, రెండాకులు. చంకల్లో వేసుకునేది. చెమటకి రంగు చెదురుతుందేమోనని విరామంలో మొహమంతా అద్దుకున్నాడట. నేచురల్ కదా, ఎక్కడైనా వేసుకోవచ్చని నువ్వెళ్లిన షాపులో అమ్మాయే చెప్పింది అన్నాడు. డబ్బా తిప్పి చీమతలకాయ అక్షరాలు చదివాను. రెండో పేరు వంటసోడా.

పసుపుకి సోడా తగిలి, చెమటతో తడిస్తే ఏ రంగు వస్తుందో నాకు చెప్పాలా? రంగులు కలిపే బతుకు నాది.

చెప్పబోయాను. బావ ఒళ్లో కప్పు పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లుగా జనం అన్న మాటలన్నీ లోపలే ఉండిపోయాయి, ఇవాళ బయటికొచ్చినట్టున్నాయి రా అన్నాడు. పంతొమ్మిదేళ్లలో ఆయన నాతో తన గురించి చెప్పుకున్న మొదటి మాట అది. నేను ఆ ఆకుపచ్చ డబ్బాని నా సంచిలో దాచేశాను.

ఏప్రిల్ 27, గురువారం

బావ రిహార్సల్ గదిలో అందరికీ భావం గురించి పాఠం చెబుతున్నాడు. అది నాభి దగ్గర పుడుతుందట. దూత నోట్స్ రాసుకుంటున్నాడు.

మే 1, సోమవారం

చర్మం పూర్తిగా మానింది, ఇక ఏదైనా వాడుకోవచ్చు అన్నారు డాక్టరమ్మ. నా డబ్బా సంచిలోంచి తీశాను. బావ చెయ్యెత్తి ఆపాడు. ఇక మీదట మొహానికి ఏమీ రాసుకోడట. పద్నాలుగో తేదీన గెలిచిన నాటకాల ప్రదర్శన ఉంది, అదే జడ్జిగారు ముందు వరసలో కూర్చుంటారు. ఆ రోజు కడిగిన మొహంతోనే స్టేజీ ఎక్కుతాడట. కోపం దానంతటదే వస్తుంది, రంగు అడ్డం అన్నాడు. మాస్టారు ఒకటే మురిసిపోయారు.

నా గుండెల్లో రాయి పడింది. వట్టి మొహంతో ఆ అంకం చేస్తే ఏమవుతుందో పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. జడ్జిగారు పోయినసారి చూసిందేమిటని అడుగుతారు. కప్పు పోతే పోనీ. ఆ నాభి పాఠం విన్నవాళ్లంతా నవ్వుతారు.

మే 3, బుధవారం

బావకి చెప్పే ధైర్యం లేక అక్క చెవిన వేశాను. అక్క తాపీగా చిక్కుళ్లు ఒలుస్తూ, తెలుసు అంది. పోటీ మర్నాడు తువ్వాలు ఉతుకుతూ ఆ ఎరుపు చూసి, పసుపేమోనని నిమ్మచెక్క రుద్దితే మళ్లీ పసుపచ్చగా మారిందట. పది రోజులుగా తెలిసీ నోరు మెదపలేదు. నువ్వే చెప్పు, నువ్వు మేకప్‌వాడివి, నేను ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండాలి అంది.

మే 9, మంగళవారం

జేబులో పసుపూ చెమట పొడీ కలిపిన పొట్లం పెట్టుకుని తిరుగుతున్నాను. బావ మొహం దాకా చెయ్యి పోనివ్వడం లేదు.

మే 14, ఆదివారం

ఉదయం 9. చెప్పలేదు.

మధ్యాహ్నం 1. బావ పిలిచి భోజనం పెట్టాడు. చెప్పలేదు.

సాయంత్రం 5. గ్రీన్ రూమ్. అద్దం ముందు ఒక్కడే కూర్చుని కళ్లు మూసుకుని నాభి మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకా చెప్పలేదు.

మే 15, సోమవారం

చెప్పాను. విరామంలో. రెండో అంకం అయ్యేసరికి జడ్జిగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఇక ఆగలేకపోయాను.

తలుపు దగ్గరకి వేసి అంతా చెప్పేశాను. పసుపు, సోడా, చెమట. అది నీ కోపం కాదు బావా, పొడి అన్నాను. కాస్త అద్దుకో, నీ కాళ్లు పట్టుకుంటాను అని పొట్లం తీశాను. బావ మామూలుగా విన్నాడు, కౌంటరు దగ్గర విన్నట్టే. ఇంకా ఎవరికి తెలుసు అని అడిగాడు. అక్కకి అన్నాను. ఎప్పటి నుంచి అన్నాడు. పోటీ మర్నాటి నుంచి అన్నాను. నేను పాఠాలు చెబుతున్నప్పుడు మీ ఇద్దరికీ తెలుసా అన్నాడు. తెలుసు అన్నాను.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెడ. తర్వాత బుగ్గలు. పసుపు లేదు, సోడా లేదు, సబ్బుతో కడిగిన మొహం. కణత మీద నరం ఒకటి లేచింది, అక్కడ నరం ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. చెయ్యెత్తాడు. అంతలో గంట మోగింది. మాస్టారు తలుపు తోసి ఆయన్ని స్టేజీ మీదికి లాక్కుపోయారు.

ఉత్తరం చదవలేదు, నలిపేశాడు. నా ఇంటివాళ్లకే తెలుసా అన్న డైలాగు హాలు వైపు చూసి చెప్పాలి. పక్క తెర వైపు తిరిగి, నా వైపు చూసి చెప్పాడు. గొంతు బద్దలైంది. దూత ఉత్తరం సంచి వదిలేసి నిజంగానే పారిపోయాడు. జనం లేచి నిలబడ్డారు. నేను తెర పట్టుకుని ఏడ్చాను, భయానికి సగం, సంతోషానికి సగం.

జడ్జిగారు పోయినసారి కాస్త అతి అనిపించింది, ఈసారి సహజంగా ఉంది అన్నారు.

మే 20, శనివారం

బావ నాతో మాట్లాడడం లేదు. అక్కతో కూడా. ఉప్పు కావాలంటే చీటీ రాసి పెడుతున్నాడట.

మే 28, ఆదివారం

వాడింది: నన్ను. ఇవాళ్టి ప్రదర్శన విరామంలో గ్రీన్ రూమ్‌లోకి పిలిచి, గడియ వేసి, ఆ సంగతి మొదటి నుంచీ మళ్లీ చెప్పమన్నాడు. సోడా సంగతి అక్కర్లేదు, మీ అక్కకి తెలుసన్న ముక్క దగ్గరికి రా అన్నాడు.

ఫలితం: చెవుల దాకా ఎరుపు.

దురద: లేదు. వచ్చే ఆదివారం ప్రదర్శనకి మళ్లీ రమ్మన్నాడు.